ఎడమ చేతి మీది చందమామ

ఉద్యోగం ఇస్తామని ఆసుపత్రి వాళ్లు చెప్పిన రోజు సంగీత అమీర్‌పేటలోని తన హాస్టల్ మొత్తానికీ మైసూర్‌పాక్ పంచింది. చేరేముందు ఏమేం తేవాలో చెప్పిన రోజు మాత్రం ఎవరికీ ఏమీ పంచలేదు. ఆ జాబితా చూశాక నోరు తీపి చేసుకోవాలన్న ఆలోచన ఎవరికైనా పోతుంది.

హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించుకున్నట్టు కాగితం కావాలి. తట్టు టీకాకు ఇంకో కాగితం. ఆటలమ్మ చిన్నప్పుడే వచ్చిపోయిందంటే దానికీ రుజువు కావాలి. మొదటి రెండూ నర్సింగ్ కాలేజీ ఫైల్లో దొరికాయి. ఆటలమ్మ సంగతి కనుక్కుందామని సిద్దిపేట పక్కన ఉన్న ఊరికి ఫోన్ చేస్తే, బర్రె రెండో ఈత ఈనిన ఏడాదే వచ్చిందని వాళ్లమ్మ ఖాయంగా చెప్పింది. ఆసుపత్రిలో కొత్తవాళ్ల ఫైళ్లు చూసేది మంజూష సిస్టర్. ఆమె ఈ సాక్ష్యం చాలా శ్రద్ధగా విని, బర్రె సంతకం పెట్టదు కాబట్టి రక్తపరీక్షకు రాసిచ్చింది.

ఇక మిగిలింది టీబీ పరీక్ష. సోమవారం పొద్దున మంజూష సిస్టర్ సంగీత ఎడమ ముంజేతి లోపలి వైపు సన్నటి సూదితో చర్మం కిందనే మందు ఎక్కించి, చుట్టూ బాల్‌పెన్నుతో సున్నా చుట్టింది. తాకొద్దు, గోకొద్దు, ఏమీ పూయొద్దు, బుధవారం పొద్దున వచ్చి చూపించు అని చెప్పింది. సూది పడ్డచోట గట్టిగా ఉబ్బితే టీబీ క్రిమి ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని అర్థం. జబ్బు ఉన్నట్టు కాదు. అది తేల్చడానికి ఎక్స్‌రే తీస్తారు. ఈ విషయం సంగీతకు తెలియక కాదు. పరీక్షలో ఈ ప్రశ్నకే పదికి ఎనిమిది మార్కులు వచ్చాయి. కానీ పుస్తకంలోది వేరొకరి చేయి, ఇది తన చేయి.

పైగా ఆమె భయం చేతి గురించి కాదు, ఫారం గురించి. మీ ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా అన్న ప్రశ్న దగ్గర ఆమె లేదు అన్న గడిలో టిక్కు పెట్టింది. పెట్టేటప్పుడు పెన్ను కాస్త ఆగింది, అంతే. తనకు పదేళ్లప్పుడు వాళ్ల నాయిన రాజనర్సయ్యకు టీబీ వచ్చింది. రైస్ మిల్లులో బస్తాలు మోసే మనిషి. మిల్లులో తెలిస్తే పనిలోంచి తీసేస్తారని, ఊళ్లో అందరికీ దగ్గూ జ్వరమూ అనే చెప్పారు. సంగీతకూ అదే నేర్పారు. పదమూడేళ్లుగా చెబుతున్న అబద్ధం కనుక చెయ్యి తనంతట తానే లేదు వైపు వెళ్లిపోయింది. ఇప్పుడు చేయి ఉబ్బితే ఆ టిక్కు బయటపడుతుంది. గురువారం చేరకపోతే ఆ ఉద్యోగం కోసం వెనక ఎనిమిది మంది కాచుకుని ఉన్నారు.

అందుకని సోమవారం మధ్యాహ్నం నుంచే సంగీత కుడి చేయి ఎడమ చేతిని వదలడం మానేసింది. పది నిమిషాలకోసారి వేలితో తడమడం, స్కేలు పెట్టి కొలవడం, నిన్నటికంటే పెద్దదా అని రూమ్‌మేట్ భావనకు చూపించడం. జావా నేర్చుకుంటున్న భావన ఓపిగ్గా నాలుగుసార్లు చూసి, ఐదోసారికి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

మంగళవారం కమలకుమారిగారు గోరింటాకు రుబ్బించింది. ఆవిడ హాస్టల్ యజమానురాలు, తెనాలి మనిషి. ఆషాఢం వస్తే ఊరి నుంచి బస్తాడు ఆకు తెప్పిస్తుంది. మిక్సీలో వేస్తే పండదని రోలు ఒకటి మేడ మీద ఉంచుకుంది. చింతపండూ వక్కా వేసి నూరిన ఆ ముద్ద చేతికి పెట్టుకోని అమ్మాయి ఆవిడ దృష్టిలో హాస్టల్లో ఉన్నట్టే కాదు. వద్దన్నవాళ్లకు ఆ సాయంత్రం కూరలో ఉప్పు ఎక్కువైన దాఖలాలు ఉన్నాయి.

పరీక్ష చేయి అని సంగీత ముందే చెప్పింది. కమలకుమారిగారు వైద్యం తెలిసిన మనిషిలా తల పంకించింది. ఎడమ చేయి దరిదాపులకు కూడా రానివ్వనని మాటిచ్చి, కుడి అరచేతిలో మాత్రమే నిండు చందమామను పెట్టి, చుట్టూ చుక్కలు పెట్టి, వేళ్లకు టోపీలు తొడిగింది. ఇంత జాగ్రత్తగా పెట్టినందుకు తనను తానే మెచ్చుకుంది.

భోజనం చేసిన కడుపు, బయట ముసురు, పైన ఫ్యాను. సంగీతకు మంచం మీద కునుకు పట్టింది. రెండు రోజులుగా అలవాటైన కుడి చేయి నిద్రలో కూడా తన డ్యూటీ మానలేదు. వెళ్లి ఎడమ ముంజేతిని భద్రంగా పట్టుకుంది.

గంటన్నర తర్వాత లేచేసరికి పెన్ను సున్నా లేదు. ఆ చోట ఎర్రటి చందమామ ఉంది, చుట్టూ చుక్కలతో సహా. సంగీతకు ఏడుపొచ్చింది. భావన నిమ్మకాయ రుద్దమంది, కమలకుమారిగారు కొబ్బరినూనె అంది, ఇంతలో రుద్దొద్దు కదా అని ఇద్దరికీ గుర్తొచ్చి ఊరుకున్నారు. గోరింటాకు మాత్రం ఎవరి కష్టంతోనూ పని లేకుండా పండుతూనే పోయింది. బుధవారం పొద్దుటికి ఆ హాస్టల్లో అంత బాగా పండిన చేయి ఇంకొకటి లేదు. ఇంకో రోజైతే కమలకుమారిగారు దాన్ని పదిమందికీ చూపించి ఉండేది.

ఆవిడే తోడు బయల్దేరింది. అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు మెట్రోలో ఒక్క స్టేషనే. ఆ కాస్త దూరంలోనే తను చెప్పబోయే క్షమాపణను మూడుసార్లు సాధన చేసింది. మంజూష సిస్టర్ గదిలోకి వెళ్లీ వెళ్లగానే, తప్పంతా తనదేనండీ, పిల్లకేం తెలియదండీ అని మొదలుపెట్టింది కూడా.

మంజూష సిస్టర్ ఆ చేతిని దీపం కిందికి లాగి చూసింది. పెదవులు బిగపట్టింది. నవ్వు ఆపుకుంటోందని సంగీతకు అర్థం కాలేదు.

"డిజైన్ మస్తుంది. జర కూసోండమ్మా, చదివేది రంగు కాదు, గట్టిదనం" అంది.

ఆమె కళ్లు మూసుకుని చూపుడువేలితో చందమామ అంచు నుంచి మెల్లగా తడుముకుంటూ వెళ్లింది. ఆ తర్వాత పెన్నును చర్మం మీద జరుపుతూ వచ్చి, ఎక్కడ తట్టుకుని ఆగిందో అక్కడ గీత పెట్టింది. రెండో వైపు నుంచి ఇంకో గీత. మధ్యలో స్కేలు పెట్టింది. కమలకుమారిగారి క్షమాపణ సగంలోనే ఆగిపోయింది. ఇంత తేలిగ్గా తేలిపోయినందుకు ఆవిడకు ఊరటతోపాటు కొంత అసంతృప్తి కూడా కలిగింది.

"పద్నాలుగు మిల్లీమీటర్లు. పాజిటివ్" అంది మంజూష సిస్టర్, వర్షం పడుతోందని చెప్పినంత మామూలుగా. మన దేశంలో పెద్దవాళ్లను పరీక్షిస్తే చాలామందికి ఇలాగే వస్తుందని, ఎక్స్‌రే బాగుంటే, దగ్గూ జ్వరమూ లేకపోతే రేపు చేరవచ్చని, ముందుజాగ్రత్త మందులు వాడాలా వద్దా అన్నది డాక్టరు చెబుతారని వివరించింది. ఫారం తిప్పి చూసి, "ఇంట్ల ఎవలకు లేదన్నవ్ గదా, సరే" అని కింద సంతకం పెట్టబోయింది.

అక్కడితో అయిపోయేది. ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ అడగలేదు. రెండు రోజులుగా వణికిన అమ్మాయి ఊపిరి పీల్చుకుని ఎక్స్‌రే గదికి పరిగెత్తాలి. కానీ సంగీత కళ్లు తన చేత్తో పెట్టిన ఆ టిక్కు మీదే ఉండిపోయాయి. ఆరు నెలలపాటు వారానికి మూడు రోజులు పిడికెడు గోళీలు, ఒక్కొక్కటిగా నాయిన చేతిలో పెట్టింది తనే. నీళ్ల చెంబు పట్టుకుని మింగేదాకా నిలబడింది తనే. క్యాలెండర్ మీద బడి పెన్సిలుతో గీత పెట్టింది తనే. నర్సు కావాలని అనుకున్నది ఆ చెంబు పట్టుకున్నప్పుడే. ఇప్పుడు ఆ నర్సు ఉద్యోగం కోసమే అసలు అట్లాంటి మనిషి మా ఇంట్లో లేడని రాసింది.

"సిస్టర్, మా నాయినకు ఉండె" అంది. పక్కన హాస్టల్ యజమానురాలు కూర్చుని ఉందన్న సంగతి మాట బయటికొచ్చాక గుర్తొచ్చింది.

మంజూష సిస్టర్ పెన్ను ఆపింది. కోప్పడుతుందనుకుంటే కోప్పడలేదు. లేదు అన్న గడిని కొట్టేసి, పక్కన సంతకం పెట్టించి, రోగం వచ్చినోళ్లతో ఈ ఆసుపత్రికి ఇబ్బంది లేదని, దాచేవాళ్లతోనే ఇబ్బందని మాత్రం చెప్పింది. కమలకుమారిగారు అంతసేపూ గోడ మీది చేతులు కడుక్కునే బొమ్మల్ని మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. తిరుగు మెట్రోలో కమలకుమారిగారు తలుపు మీది స్టేషన్ల పట్టికను పైనుంచి కిందికి చదివింది. అమీర్‌పేటలో దిగాక, "నీ కంచం, గ్లాసు వేరే పెడతాననుకున్నావా ఏంటి అమ్మాయ్?" అని కసిరింది. సంగీత సరిగ్గా అలాగే అనుకుంది. ఆ సాయంత్రం కూరలో ఉప్పు సరిగ్గా ఉంది.

గురువారం ఉద్యోగంలో చేరి, సాయంత్రం నాయినకు ఫోన్ చేసింది. మొదట క్యాంటీన్ గురించీ, యూనిఫాం గురించీ చెప్పి, అసలు సంగతి చివరికి తెచ్చింది. ఫారంలో నీ జబ్బు గురించి రాసిన నాయినా అంది. అవతల మిల్లు చప్పుడు కాస్త దూరమైంది, ఆయన బయటికి నడిచినట్టున్నాడు. ఇన్నేళ్లు కాపాడిన రహస్యాన్ని బజార్లో పెట్టాననుకుంది సంగీత.

"ఏమని రాసినవ్ బిడ్డా?" అన్నాడు రాజనర్సయ్య.

"నీకు టీబీ ఉండె అని."

"గంతేనా?"

"గంతే."

"తగ్గిందని రాయలే? ఆరు నెల్లు ఒక్క గోళీ సుత ఇడిసిపెట్టలేదని రాయలే?" ఆయన గొంతులో కోపం లేదు, నొచ్చుకోవడం ఉంది. "సగం రాస్తే ఎట్ల? రేపు పోయి మొత్తం రాయి."

శుక్రవారం డ్యూటీ ఎక్కేముందు సంగీత మళ్లీ మంజూష సిస్టర్ గదికి వెళ్లింది. బర్రె తర్వాత ఇంకే సాక్ష్యం తెచ్చావన్నట్టు ఆమె చూసి, ఫారం తీసి ఇచ్చింది. అంతా ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితం అంచున, గోరింటాకు ఇంకా వదలని వేళ్లతో, సంగీత తెలుగులోనే రాసింది. మందులు పూర్తిగా వాడిండు. ఒక్క పూట కూడా తప్పలేదు. సాక్షి, బిడ్డ సంగీత.