మూడో గేరు దాటని కారు

పెంచలప్రసాద్ కారుకు మళ్లీ మసి పట్టింది. ఇంజిను విప్పి గీకించి ఎన్నాళ్లో కాలేదు, అప్పుడే దగ్గు, నల్లపొగ. కోవూరు షెడ్డులో మెకానిక్ హజరత్తయ్య బానెట్ ఎత్తి, గాలి గొట్టంలో వేలు పెట్టి తీశాడు. కాటుక బరిణెలో ముంచినట్లు వచ్చింది.

"డీజిల్‌లో కల్తీ," అన్నాడు పెంచలప్రసాద్, తానే డాక్టరయినట్లు. పోయినసారి తప్పు మెకానిక్‌ది అన్నాడు. అంతకుముందు దిష్టి అని బంపరుకు నిమ్మకాయలు కట్టించాడు. ఆడలేక మద్దెల ఓడన్నది ఈయన పూర్వీకులే అయ్యుంటారు అనుకుంది, బెంచీ మీద కూర్చున్న ఆయన భార్య ఉషారాణి.

ఆమె మనుబోలు బడిలో టీచరు. బదిలీ అయినప్పటి నుంచి చీకటితోనే లేచి, రెండు బస్సులు మారి, హైవే పొడుగునా నిలబడి పోతోంది. మోకాళ్లు వాస్తున్నాయి. కారు నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకుంది. అడిగినప్పుడల్లా మొగుడిది ఒకటే పాట: "ఈ ఇంజిను మనుబోలు దాకా తట్టుకోదు ఉషా. ముందు బాగుపడనీ." అది బాగుపడేది లేదు, ఈమె కూర్చుని పోయేది లేదు. ఉద్యోగం మానేద్దామా అన్న ఆలోచన నిన్ననే వచ్చింది. అలాంటి ఆలోచన వచ్చినందుకు బాత్రూములో కూర్చుని ఏడ్చింది.

"బండి ఎట్టా వాడతన్నావన్నా?" అడిగాడు హజరత్తయ్య.

"పువ్వు మాదిరి. రొయ్యల గుంటలకాడికి పొయ్యి రావడమే."

ఆ పువ్వు సంగతి ఉషారాణికి తెలుసు. గుంట గట్టు మీద కారాపి, ఇంజిను ఆపకుండా, ఏసీలో కాళ్లు చాపుకుని, ఎండలో మేత చల్లే కూలీలను అద్దంలోంచి చూస్తూ మధ్యాహ్నం దాకా కూర్చోవడం. దాని పేరు అజమాయిషీ.

"నిలబెట్టి ఏసీ వేస్తే ఇంజిను సరిగ్గా కాగదన్నా, మసి పేరుకుంటాది. హైవే ఎక్కించి పెద్ద గేర్లో తోలమని మొదటిసారే చెప్తిని గదా. రోజూ మనుబోలు దాకా పొయ్యొచ్చినా చాలంటిని."

ఉషారాణి తలెత్తింది. "మనుబోలు దాకానా? మొదటిసారే చెప్పినావా?"

"అవునక్కా. అన్న నీకు చెప్పలా?"

అన్న నిమ్మకాయల వైపు చూస్తున్నాడు.

ఉషారాణికి ఒళ్లు మండిపోయింది. కారుకు మందు తన దారిలోనే ఉందని తెలిసీ, తనను ఇన్నాళ్లు బస్సులో నిలబెట్టాడు! ఎందుకో కూడా ఆమెకు తెలుసు. ఈయనకు లారీలంటే భయం. పెన్న దాటాలంటే బాడుగ డ్రైవరు రావాల్సిందే. ఇంట్లో పులి, వీధిలో పిల్లి. తను తోలలేని రోడ్డు మీద పెళ్లాం తోలితే నలుగురూ నవ్వుతారని ఇంజిను మీద నెపం పెట్టాడు.

"తాళం ఇట్లా ఇవ్వండి," అని చెయ్యి చాపింది.

"ఇంజిను ఆగిపోతేనో?"

"ఆగితే దిగి తోద్దురు గాని. ఇన్నాళ్లు కూర్చోనే ఉన్నారు గదా."

హజరత్తయ్య నవ్వాపుకోలేక బానెట్ మూశాడు.

పెన్న వంతెన మీద కారు దగ్గింది. నెల్లూరు దాటి గేరు మార్చేసరికి వెనక నల్లటి పొగ లేచింది. పోనుపోను పొగ పల్చబడింది. పక్క సీట్లో పెంచలప్రసాద్ తలుపు పైనున్న పిడిని రెండు చేతులా పట్టుకుని, లారీ వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుంటున్నాడు.

ముందు మనుబోలు బస్సు పోతోంది. కిటికీలకు అడ్డంగా నిలబడిన ఆడవాళ్ల వీపులు కనిపిస్తున్నాయి. ఉషారాణి ఐదో గేరు వేసి దాన్ని దాటేసింది. ఆమెకు గొంతెత్తి అరవాలన్నంత సంతోషంగా ఉంది.

"చెమట్లు పోస్తున్నాయి, ఏసీ అన్నా వెయ్యి ఉషా," అన్నాడాయన, కళ్లు తెరవకుండానే.

"అద్దం దించుకోండి."