పంటి బిగువున నీ ఇష్టం

జోజియాన్‌కు అన్నిటికన్నా ఎక్కువ భయం ఒకటే. పద్నాలుగేళ్ల కూతురు మాయెలీ ఏదో ఒకరోజు తలుపు ధడాలున వేసి, మళ్లీ ఆ తలుపు తట్టకుండా పోతుందేమోనని. ఊరికే పుట్టిన భయం కాదది. పదిహేడో ఏట, చదువు మధ్యలో వదిలేసి, కడుపులో ఈ పిల్లతో, తన తల్లి ఇంటి తలుపు తను అలాగే వేసి వచ్చింది.

అందుకే, తల్లిదండ్రుల పెంపకం పిల్లలకు ఎలా అనిపిస్తోందో కొలుస్తున్నాం, వస్తారా అని యూనివర్సిటీ వాళ్లు బడి ద్వారా కబురు పెడితే ఆమె వద్దనబోయింది. మాయెలీ మాత్రం వెళ్దామంది. ఆ కబురులోనే ఉంది, తల్లిదండ్రులు రెండు రకాలని. కారణం చెప్పి, ఎంచుకోనిచ్చి, పిల్లల మనసు వినేవాళ్లు ఒక రకం. ముక్కుతాడు వేసి లాగేవాళ్లు రెండో రకం.

తను రెండో రకమని తేలితే? ఇంకా వారం గడువుంది. ఈలోగా మొదటి రకం అయిపోదామని జోజియాన్ నడుం కట్టింది.

ఇదివరకు మంచు పడే పొద్దున ఆమె నోట వచ్చేది ఒకే అరుపు: "టోపీ." ఇప్పుడు చలికి చెవుల్లో రక్తం ఎలా గడ్డకడుతుందో మొదలుపెట్టి, నీలం ఉన్ని టోపీయా, ఎర్రదా నువ్వే చెప్పమని బతిమాలి, "టోపీ అంటే నీకు చిరాకని నాకు తెలుసు తల్లీ" అని ముగించేది. ఈలోగా బస్సు వెళ్లిపోయేది.

"అరుపే నయం అమ్మా. అరిస్తే బస్సన్నా అందేది," అంది మాయెలీ. మర్నాడు గొంతు తగ్గించి, "డాక్టరు ఏమన్నా చెప్పాడా? ఇంత మర్యాదగా మాట్లాడుతున్నావేంటి?" అని అడిగింది.

ఆ రోజు రానే వచ్చింది. పరిశోధన చేసే అమ్మాయి అనూక్, మాయెలీని పక్క గదిలోకి తీసుకెళ్లి ప్రశ్నలకు జవాబులు రాయించింది. తర్వాత తల్లీకూతుళ్లను కెమెరా ముందు కూర్చోబెట్టి, "మీ ఇద్దరికీ గొడవయ్యే విషయం ఏదైనా కాసేపు మాట్లాడుకోండి," అంది.

మాయెలీ తడుముకోలేదు. "శనివారం నది మీదికి."

ఫిబ్రవరి కదా, ఊరి పక్కన గడ్డకట్టిన సాంతాన్ నది మీద చేపలు పట్టే గుడిసెలు వెలిశాయి. లోపల పొయ్యి, నేలలో మంచును కోసిన గాడి, ఆ గాడిలోంచి చిన్న చేపలు. మాయెలీ స్నేహితురాళ్లు ఒక గుడిసె అద్దెకు తీసుకున్నారు. అందరికీ అక్కడ మంచు కనిపిస్తుంది. జోజియాన్‌కు దాని కింద నీళ్లు కనిపిస్తాయి.

"నీ ఇష్టం," అంది కెమెరా వంక నవ్వుతూ.

"చూశావా, అదే. పంటి బిగువున నీ ఇష్టం అంటే వద్దనేగా. ఆ కెమెరాకి కనపడుతుందో లేదో గానీ నాకు కనపడుతుంది."

"నేనేం బిగించలేదే."

"దవడ నొప్పి పుట్టట్లేదూ?"

నిజంగానే పుడుతోంది. జోజియాన్ చెంప తడుముకుంది. వారం రోజులు కట్టిన వేషం అక్కడితో జారిపోయింది.

"భయమే నాకు. మంచు పగులుతుందని ఒకటి. వద్దంటే నువ్వూ నాలాగే వెళ్లిపోతావని ఇంకోటి. మా అమ్మ ఎప్పుడూ కారణం చెప్పలేదు. నేను చెప్పాను గనక, అంతే, అనేది."

మాయెలీ కాసేపు బల్ల అంచు గీకింది. "ఈ ముక్క మొన్ననే చెప్పొచ్చుగా. రక్తం గడ్డకట్టే కథలన్నీ ఎందుకు నాకు?" తర్వాత తనే అంది: "మంచు ఎంత మందముందో కొలిచాకే జనాన్ని రానిస్తారు. చీకటి పడేలోగా ఫోన్ చేస్తా. టోపీ పెట్టుకుంటా. నువ్వు మాత్రం రావద్దు, ఫోనూ చేయొద్దు. గట్టు మీద కారులో కూర్చున్నా వచ్చినట్టే."

గట్టు సంగతి దీనికెలా తెలిసిందబ్బా అనుకుంది జోజియాన్. "సరే," అంది. ఈసారి దవడ నొప్పి పుట్టలేదు.

బయటికి వస్తూ అనూక్‌ను చాటుగా అడిగింది. "మా పిల్ల నాకు ఎన్ని మార్కులేసిందండీ?"

"అది చెప్పకూడదండీ. తన జవాబులు తనవే."

ఇంటికి వెళ్తూ కారులో రెండో సిగ్నల్ దాకా ఓర్చుకుంది. "ఆ ప్రశ్నలు..."

"అమ్మా."

"కష్టంగా ఉన్నాయా అంటున్నా, అంతే."

ఇవాళ శనివారం. కారు తాళాలు పక్కింటావిడ చేతిలో పెట్టేసి, జోజియాన్ తుడిచిన అల్మరానే మళ్లీ తుడుస్తోంది. ఇచ్చిన మాట తప్పేలా లేదు. మాటిచ్చింది ఆమె, మీరు కాదు. కాబట్టి మీలో ఎవరైనా ఇవాళ ఆ నది వైపు వెళ్తుంటే, ఆ పిల్లలు అద్దెకు తీసుకున్న పచ్చ తలుపు గుడిసెలోకి ఒకసారి తొంగి చూడండి. ఎవరు పంపారో చెప్పకండి. చేపలు పడ్డాయా అని అడిగి, మాయెలీ నెత్తిన టోపీ ఉందో లేదో చూసి రండి.