అడ్మినిస్ట్రేటర్‌ని సంప్రదించండి

కనెక్ట్ అయి ఉన్నంత మాత్రాన మనిషి ఉన్నట్టు కాదు గదా, ఛార్జర్‌కి తగిలించి వదిలేసిన ఫోను కూడా అలాగే కనబడుతుంది, పేరు పక్కన పచ్చచుక్క పెట్టుకుని, బుద్ధిగా. ఇంటికి తాళం వేసి అందరూ ఊరెళ్ళినా ఆ చుక్క ఆరదు. ఈ సంగతి అతనికి కాక ఇంకెవరికి తెలియాలి? ఇళ్ళల్లో, ఆఫీసుల్లో వైఫై డబ్బాలు బిగించి, వాటికి కట్టుదిట్టాలు చేసి రావడమే అతని బతుకుతెరువు. తెలిసి కూడా పొద్దుటినుంచి అదే పని. జేబులోంచి ఫోను తీయడం, ఇంటి వైఫై చిట్టాలో కూతురి పేరు పక్కన చుక్క ఉందో లేదో చూసుకోవడం, మళ్ళీ జేబులో పెట్టుకోవడం.

ఇప్పుడతను నిచ్చెనెక్కి, కూతురి గది తలుపుకి పైన గోడకి డ్రిల్లుతో కన్నాలు పెడుతున్నాడు. సున్నం పొడి రాలి, గుమ్మం పక్కన నేలమీదున్న పళ్ళెం మూత మీద పడుతోంది. మధ్యాహ్నం వాళ్ళమ్మ పెట్టి వెళ్ళిన భోజనం అది. రోజూ అయితే ఎవరూ లేని అదను చూసి, తలుపు సందు చేసి పళ్ళెం లోపలికి లాక్కునేది పిల్ల. ఏ సగమో తిని మళ్ళీ బయట పెట్టేసేది. ఇవాళ మూత కదిలిన జాడ లేదు.

డబ్బా బిగించడానికి రెండు కన్నాలు చాలు. అతను మూడోది పెట్టాడు. ఆ పక్కన ఇంకోటి. చెవులు చిల్లులు పడేలా మోగిస్తుంటే "ఏంటి నాన్నా ఆ గోల" అని ఒక్క మాటైనా లోపల్నుంచి రాకపోతుందా అని. డ్రిల్లు ఆపినప్పుడల్లా ముందుగదిలో భార్య కుట్టుమిషను కూడా ఆగేది. ఇద్దరి చెవులూ ఆ తలుపు మీదే ఉన్నాయి, ఒకరి సంగతి ఒకరికి తెలియనట్టు. ఏమీ వినబడక మిషను మళ్ళీ మొదలయ్యేది, అతని డ్రిల్లూ మొదలయ్యేది.

చివరికి మిషను ఆపి ఆవిడే వచ్చింది. మెడలో టేపు వేలాడుతోంది, చేతిలో కత్తెర అలాగే ఉంది.

"ఈ డబ్బా ఇక్కడెందుకండీ?"

"దాని గదిలో సిగ్నల్ సరిగా అందట్లేదు."

"అందట్లేదని అది చెప్పిందా మీకు?"

"చెప్పలేదు."

"పిల్ల గదిలోంచి బయటికి రావట్లేదు మొర్రో అంటుంటే, లోపలే హాయిగా ఉండిపోయేలా ఏర్పాట్లు చేస్తున్నారా? బాగుంది. ఓ మంచినీళ్ళ గొట్టం కూడా వేసెయ్యండి, నేనిక పళ్ళేలు మొయ్యక్కర్లేదు."

అతను మర చేత్తో బిగిస్తున్నాడు.

"నేను ఎన్నిసార్లు చెప్పినా మీరు చెవిన వేసుకోరు. ఆ నెట్టు ఆపెయ్యండి. ఆపితే అదే వస్తుంది బయటికి, మీ మీద అరవడానికైనా."

"అరిస్తే?"

"అరవనివ్వండి." ఆవిడ కత్తెర వైపు చూసుకుంది. "దాని గొంతు విని ఎన్నాళ్ళయిందో."

అంత మాత్రమే అని వెళ్ళిపోయింది. వెళ్ళేముందు వంగి పళ్ళెం మూతమీది సున్నం పొడి కొంగుతో తుడిచింది. తుడిచి, పళ్ళేన్ని తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరిపింది, దూరం వల్లే తినలేదన్నట్టు.

ఆ తలుపెందుకు మూసుకుందో ఆవిడకి తెలియదు. తెలిసినవాళ్ళు ఈ ఇంట్లో ఇద్దరే, అతనూ, తలుపవతలి మనిషీ. గువ్వ. చిన్నప్పుడు ఎప్పుడూ భుజమ్మీదే వాలి ఉండేదని అతను పెట్టిన ముద్దుపేరు. ఇరవయ్యేళ్ళొచ్చినా అదే పిలుపు. కాలేజీకి పోవడం మానేసింది, కారణం చెప్పలేదు. పరీక్ష తప్పిందా అంటే కాదు, ఎవరినైనా ఇష్టపడిందా అంటే అదీ కాదు. పేరంటూ ఉన్న కారణం ఏదో ఒకటి దొరికితే బాగుండునని ఇద్దరూ వెతికారు గానీ, దొరకలేదు. అప్పటికింకా వచ్చి వాళ్ళతో కూర్చుని తినేది, అడిగితే నవ్వేది కూడా. ఆ నవ్వు అతనికి ధైర్యంగా ఉండేది. నవ్వే మనిషిని ఏమని అడుగుతాం?

అడగకుండా తెలుసుకునే మార్గం అతని దగ్గర ఎలాగూ ఉంది.

ఈ పొద్దున పని ముగించుకుని వచ్చిన ఇంట్లోనూ అదే. ఆ ఇంటాయన కొత్తగా రిటైరైన మనిషి, కాళ్ళకి చెప్పుల్లేకుండా గదిగదికీ వెంట తిరిగాడు. పాస్‌వర్డ్ గట్టిది పెట్టించుకున్నాడు, వచ్చేపోయే వాళ్ళకి వేరే నెట్‌వర్క్ పెట్టించుకున్నాడు. అంతా అయ్యాక గొంతు తగ్గించి, "ఇంకో చిన్న పనుంది బాబూ" అన్నాడు.

"చెప్పండి."

"మా వాడు లోపల కూర్చుని ఏం చూస్తున్నాడో నా ఫోన్‌లో కనబడాలి. కనబడుతుందంటగా?"

"కనబడుతుందండీ. ఏ సైట్లకి వెళ్ళాడో వస్తుంది. వద్దనుకున్నవి ఆపెయ్యొచ్చు."

"అదీ మాట. వాణ్ణే అడగొచ్చు గదా అంటావేమో. అడిగితే చెప్పే వయసా అది?" ఆయన నవ్వాడు. "మీ ఇంట్లో అయితే అంతా నీ గుప్పిట్లోనే ఉంటుంది. హాయి."

"అవునండీ, హాయే" అన్నాడు. అని, ఆయన అడిగినవన్నీ చేసిచ్చాడు. గుమ్మం దిగుతూ ఆగాడు. వెనక్కి తిరిగి ఆయనతో ఏదో చెప్పాలనిపించింది. ఏం చెప్పాలో తెలియక బండి తీశాడు.

కిందటి నెల అతను చేసింది కూడా అదే పని. ముందుగదిలోని పాత డబ్బా దాచుకున్న చిట్టాలో, గువ్వ ఫోను వేళకాని వేళల్లో పదే పదే వెళ్తున్న సైటు ఒకటి కనబడింది. తెరిచి చూశాడు. లేతనీలం పేజీ మీద పెద్ద అక్షరాలు. "చచ్చిపోవాలనిపిస్తోందా?"

దాని కింద ఇంకో వాక్యం ఉంది. అతని కళ్ళు అక్కడిదాకా వెళ్ళలేదు. వేళ్ళు మాత్రం తమ పని తాము చేసుకుపోయాయి. ఏళ్ళ తరబడి చేస్తున్న పని, కళ్ళు మూసుకుని చెయ్యగలడు. ఆ సైటు పేరు నిషేధం గడిలో పడింది. ఓకే. సేవ్. అయిపోయింది. ఏదో పెద్ద గండం తలుపు దగ్గరే ఆపేశాననుకున్నాడు. వెంటనే లేచి కూతురి గదిలోకి వెళ్ళి ఉండాల్సింది. వెళ్ళలేదు. ముందు కాస్త కుదుటపడనీ, మాటలు కూడదీసుకోనీ అనుకుంటూ, చేతిలో పనేదీ లేక, బాగానే ఉన్న ఒక ప్లగ్గుని విప్పి మళ్ళీ బిగిస్తూ కూర్చున్నాడు.

నిషేధించిన సైటుకి ఎవరైనా వెళ్ళబోతే తెర మీద ఒక నోటీసు వస్తుంది. ఆ నోటీసు రాసింది అతనే, అన్ని ఇళ్ళకీ పనికొచ్చేలా, మర్యాదగా. "ఈ పేజీకి ఈ నెట్‌వర్క్‌లో అనుమతి లేదు. వివరాలకు మీ అడ్మినిస్ట్రేటర్‌ని సంప్రదించండి."

ఆ సాయంత్రం గువ్వ గదిలోంచి బయటికొచ్చింది. వచ్చి అతని కుర్చీ పక్కన నిలబడింది. ఫోను చేతిలోనే ఉంది, తెర ఇంకా వెలుగుతోంది. అతను ప్లగ్గు మీంచి తలెత్తలేదు. తలెత్తితే మొహం చూడాలి.

"ఏం కావాలే గువ్వా?"

"ఏం లేదు నాన్నా."

ఇంకా నిలబడే ఉంది. అతనేదైనా అంటాడని చూసింది. ఇప్పుడు తలచుకుంటే ఆ చూపు చెంపకి తగులుతోంది, అప్పుడూ తగిలింది. నోరు తెరిచాడు కూడా. ఎన్ని మాటలున్నాయి లోకంలో. వాటిలోంచి అతని నోట వచ్చింది ఇది.

"నెట్ బాగా వస్తోందా?"

పిల్ల ఫోను తెర ఆర్పేసింది. తర్వాత, "ఆ. బాగానే వస్తోంది" అంది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడు వినబడింది. మళ్ళీ ఆ తలుపు అతనికి తెరుచుకోలేదు.

మర్నాడు ఆ పేజీని మళ్ళీ చదివాడు, ఈసారి మొత్తం. రెండో వాక్యం, "మాతో మాట్లాడండి, మేం వింటాం" అని. పిల్ల వెళ్తున్నది చావు దగ్గరికి కాదు, చావొద్దని చెప్పేవాళ్ళ దగ్గరికి. ఆ ఒక్క తలుపుకీ తాళం వేసింది తనే. వెంటనే నిషేధం తీసేశాడు. తీసేశానని ఎవరికి చెప్పాలి? చెప్పాలంటే వేశానని చెప్పాలి, చూశానని చెప్పాలి. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. ఆ తర్వాత చిట్టాలో ఆ సైటు మళ్ళీ కనబడలేదు. అనుమతి లేదన్న చోటికి గువ్వ రెండోసారి వెళ్ళే పిల్ల కాదు.

అప్పట్నుంచీ ఈ పచ్చచుక్క. ముందుగదిలో ఉన్న పాత డబ్బాకి గువ్వ గది దూరం. చుక్క ఒక్కోసారి ఆరి వెలుగుతుండేది, ఆరినప్పుడల్లా అతని గుండె జారిపోయేది. దగ్గరగా ఒకటి బిగిస్తే ఆ బాధ ఉండదనుకున్నాడు. నిజం చెప్పాలంటే ఈ కొత్త డబ్బా అందుకే. భార్యకి చెప్పినది అబద్ధం కాదు గానీ, నిజమూ కాదు.

నిచ్చెన దిగి, తలుపుకి ఎదురు గోడకి వీపానించి నేలమీద కూర్చున్నాడు. డబ్బా మీద దీపం వెలిగింది. ఫోన్‌లో దాని పేజీ తెరిచి ఎప్పటి వరసలోనే పని మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్ లోకమంతటికీ తెలిసిందే కాబట్టి ముందు దాన్ని మార్చాలి. మార్చాడు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. బటన్ నొక్కితే ఎవరైనా కలిసిపోయే సదుపాయం ఉంటుంది, దొంగలకి అదే రాజమార్గం, దాన్ని మూసేశాడు. నెట్‌వర్క్‌కి పాత పేరే ఇచ్చి, పాత పాస్‌వర్డే పెట్టాడు. అలా చేస్తే ఇంట్లో ఫోన్లేవీ ఎవరూ ముట్టుకోకుండానే, దగ్గరున్న డబ్బాకి వాటంతటవే మారతాయి. ఎవర్నీ అడగక్కర్లేదు. ఈ వృత్తిలో అతనికి నచ్చిన సంగతి అదే. ఎవర్నీ ఏదీ అడగక్కర్లేదు.

సైట్లని ఆపే కుటుంబ రక్షణ ఆన్ చెయ్యమంటారా అని పేజీ అడిగింది. వద్దు అని నొక్కాడు.

గదిలోంచి చప్పుడు లేదు. తట్టి చూడొచ్చు. ఎన్నిసార్లు అనుకున్నాడో. వాళ్ళమ్మ రోజూ తడుతుంది, తిడుతుంది, బతిమాలుతుంది. తట్టనిది అతనొక్కడే. తడితే పలక్కపోతే? తట్టనంతసేపూ పలుకుతుందనే అనుకోవచ్చు. పక్కనే డ్రిల్లుంది, తలుపు ఊడదీయడం ఎంత పని? కానీ వేలు మడిచి చెక్క మీద ఆనించడం అతనివల్ల కావడం లేదు. లోకంలో ఏ డబ్బాకీ లేనంత గట్టి తాళం ఒకటి తన చేతికే ఉందనిపించింది.

కొత్త డబ్బా చిట్టాలో పేర్లు ఒక్కొక్కటే రావడం మొదలయ్యాయి. ముందు అతని ఫోను. తర్వాత, ఎవరిదో తెలియని పేరుతో ఫోనొకటి చేరింది. ఎవరో బయటివాళ్ళు దూరారని ఉలిక్కిపడ్డాడు. ఇంత కట్టుదిట్టం చేశాక ఎవరు రాగలరు? కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

ఇంగ్లీషు అక్షరాల్లో, మాటల మధ్య చిన్న గీతలతో ఉంది. చూస్తున్నావా-నాన్నా.

మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పాత డబ్బాలో ఆ ఫోనుకి గువ్వ అని పేరు రాసుకున్నది తనే, దాన్ని కొన్న రోజే. ఒకసారి మనం పేరు పెట్టాక, ఫోను తన పేరు ఏమని చెప్పుకుంటున్నా ఆ డబ్బా చూపించదు, మనం రాసిందే చూపిస్తుంది. కొత్త డబ్బాకి అతనింకా ఏ పేరూ నేర్పలేదు. అందుకని ఉన్నది ఉన్నట్టు చూపించింది.

తండ్రి ఎక్కడ చూస్తాడో గువ్వకి తెలుసు. అక్కడే రాసిపెట్టింది. ఎప్పుడు? నిన్నా, ఆ సాయంత్రం తలుపేసుకోగానేనా? ఏ చిట్టాలోనూ ఉండదు ఆ సంగతి. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న అతని అరచేతిలోనే ఉంది. దాని మీద తను పెట్టిన ముద్దుపేరు కప్పి, ఆ ముద్దుపేరుని చూసుకుంటూ ఊపిరి పీల్చుకున్నాడు.

పేరు పక్కన పచ్చచుక్క. కింద అంకెలు. ఫోను డబ్బాకి బాగా దగ్గరగా, దాదాపు తలుపు పక్కనే ఉన్నట్టు సిగ్నల్ చెబుతోంది. పాత డబ్బా చిట్టా ప్రకారం పొద్దుటినుంచి దాంట్లోంచి ఒక్క మాటా బయటికి పోలేదు, లోపలికీ రాలేదు. తలుపుకి ఆనుకుని కూర్చుందా? ఫోను అక్కడ ఛార్జరుకి వదిలేసి... ఆపైన అనుకోలేకపోయాడు. అంకెలు మారతాయేమోనని చూశాడు. ఇంకాసేపు చూశాడు.

ముందుగదిలో మిషను ఆగింది.

"ఏమైందండీ?" అని భార్య గొంతు. "డ్రిల్లు ఆపేశారేం?"

చుక్క ఇంకా వెలుగుతుండగానే ఫోన్ని నేలమీద బోర్లించాడు. పళ్ళేన్ని పక్కకి జరిపి, మోకాళ్ళ మీదే తలుపు దాకా వెళ్ళాడు. సున్నం అంటిన వేలు మడిచి, తట్టాడు.