ఒక మెట్టు కింద

శుక్రవారం ఉదయం నేను సంగీతం రాసే కాగితాలకు గీతలు గీస్తున్నాను. ఐదు ములుకుల కలాన్ని సిరాలో ముంచి, ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక్క ఊపులో లాగితే ఐదు గీతలూ ఒకేసారి పడతాయి. మధ్యలో ఊపిరి పీల్చినా వంకర పోతాయి. పక్క బల్ల మీద మామయ్య రాసి ముగించిన పూజ సంగీతం, ఏ వాద్యానిది ఆ వాద్యానికి విడిగా కట్టి ఉంది. రాణిగారి నామదినానికి, అంటే ఆమె పేరున్న పునీతురాలి పండుగకు, ఆదివారం చర్చిలో అది వినిపించాలి.

మామయ్య లియోన్‌హార్ట్ సైడ్లర్ ఇరవై తొమ్మిదేళ్ళుగా లిండ్‌బ్రుక్ ప్రభువుల కొలువులో సంగీతాధికారి. ముప్ఫై సింఫనీలు రాశాడు. భోజనవేళ వాయించేవి, వేటకు వెళ్ళేటప్పుడు ఊదేవి ఎన్ని రాశాడో ఆయనకే గుర్తులేదు. పాత ప్రభువు పెంచుకున్న చిలుక చస్తే దానికీ ఒక అంతిమయాత్ర గీతం రాశాడు. వాటిలో ఒక్కటీ ఆయనది కాదు. ఒప్పందం ప్రకారం రాసిన ప్రతి కాగితమూ కోటలోని బీరువాకు చేరాలి. మేముండే ఇల్లు కూడా ఆ కొలువుతో వచ్చినదే.

పాత ప్రభువు పోయి ఏడాదయింది. కొడుకు గద్దెనెక్కాక ముసలి వాద్యకారులను ఒక్కొక్కరినే ఇంటికి పంపుతున్నాడు. మాన్‌హైమ్ నుంచి వచ్చిన ట్రోల్ష్ అనే కుర్ర వయొలిన్ వాద్యకారుడు మామయ్య కుర్చీ కొలతలు తీసుకుంటున్నాడని అత్త రోజూ సణుగుతుంది. ఆదివారం పూజ బాగా జరిగితే కొలువు నిలుస్తుంది, లేకపోతే లేదు. ఎవరూ పైకి అనకపోయినా ఇంట్లో అందరికీ అది తెలుసు.

గీతలు ఆరేలోగా కట్టలు సరిచూద్దామని తీశాను. మామూలుగా ఆ ప్రతులన్నీ నేనే రాస్తాను. ఈసారి ఆర్గాను ప్రతి మాత్రం తానే రాస్తానని మామయ్య పట్టుబట్టాడు. మా చర్చి ఆర్గాను మిగతా వాద్యాలకంటే ఒక మెట్టు ఎత్తులో పలుకుతుంది. గొట్టాలు అలా పోతపోసి వందేళ్ళయింది, ఇక మార్చలేరు. అందుకే ఆర్గాను వాయించే ఆయనకు ప్రతి స్వరమూ ఒక మెట్టు కింద రాసివ్వాలి. ఇది మా ఊరి బడిలో తొమ్మిదేళ్ళ పిల్లలకు కూడా తెలుసు. పొద్దున పలకా బలపం పట్టించిన పంతులే సాయంత్రం ఆర్గాను వాయించేవాడు.

మామయ్య మెట్టు దించలేదు. ముప్ఫై పేజీలూ, ముత్యాల్లాంటి అక్షరాలతో, ఉన్నదున్నట్టు రాశాడు.

సాధన కోట హాల్లో జరుగుతుంది, అక్కడ ఆర్గాను లేదు. కాబట్టి ఆ తప్పు మొదటిసారి వినపడేది ఆదివారం, నిండు చర్చిలో, ప్రభువు ముందు. ఆర్గాను ఒక దారిన, మిగతావాళ్ళంతా ఒక దారిన పోతారు.

చెబుదామని లేచాను. మామయ్య కిటికీ దగ్గర కూర్చుని బీరుతో కాచిన సూపు తాగుతూ, వీధిలో పోతున్న బాతుల్ని చూసి తనలో తాను నవ్వుకుంటున్నాడు. గీతలు ఆరిన కాగితాలు తీసుకుని నా గదిలోకి వెళ్ళాను. శనివారం మధ్యాహ్నానికి ముప్ఫై పేజీలూ మెట్టు దించి రాసి కట్టలో పెట్టాను. ఆయన రాసినవి పారేయబుద్ధికాక నా పరుపు కింద దాచాను.

ఆదివారం పూజ ఎంత బాగా జరిగిందంటే, ముక్కుపొడుం పీల్చే ముసలమ్మలు కూడా చివరిదాకా తుమ్ము ఆపుకున్నారు. సాయంత్రం కోట నుంచి మనిషి వచ్చాడు. ప్రభువు సంతోషించారనీ, శీతకాలంలో చెల్లెలి పెళ్ళికి మూడు అంకాల ఒపెరా కావాలనీ, సోమవారం పది గంటలకు వచ్చి ఒప్పుకోమన్నారనీ చెప్పి వెళ్ళాడు. ట్రోల్ష్ ఈపాటికి తన వయొలిన్ తానే నములుతుంటాడని అత్త పొయ్యి దగ్గర నిలబడి ఒకటే నవ్వింది. మామయ్య నవ్వలేదు. అలసిపోయాడేమో అనుకున్నాం.

సోమవారం ఉదయం చర్చి నుంచి ప్రతులు తిరిగొచ్చాయి. బీరువాకు పంపేముందు వాటిని వరుసగా సర్దడం మామయ్య అలవాటు. సర్దుతూ సర్దుతూ ఆగాడు.

"అఫ్రా, ఇది నీ చేతిరాత."

నేను తల వంచుకున్నాను.

"నేను రాసిందేదీ?"

పరుపు కింద నుంచి తెచ్చి ఇచ్చాను. నిలబడే చదివాడు. పెదవులు కదిలాయి. రెండో పేజీ దగ్గర, ఎవరో పక్కన నిలబడి తప్పుగా పాడుతున్నట్టు మొహం చిట్లించాడు.

"ఇదొక్కటేనా?"

"గుర్తులేదు మామయ్యా."

"నువ్వు గుర్తుంచుకునే పిల్లవే."

"ఈస్టరు నుంచి పదకొండు," అన్నాను. అన్నీ ఇంత పెద్దవి కావనీ, కొన్ని ఉత్త చుక్కలేననీ చెప్పబోయాను. ఆయన చాలన్నట్టు చెయ్యి ఎత్తాడు.

అత్త వంటింట్లోంచి అంతా విన్నది. పిండి చేతులతోనే వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడింది.

"ఐతే ఏమైందయ్యా? నువ్వు రాయి, అది దిద్దుతుంది. ఇల్లు దాటి ఎవరికి తెలుస్తుంది? బూర ఊదే లోరెంట్స్ ముందు పళ్ళు లేకుండానే నాలుగేళ్ళు జీతం తీసుకోలా?"

మామయ్య సొరుగు లాగి కాగితాల దొంతర ఒకటి బల్ల మీద పెట్టాడు. నేను గీతలు గీసిచ్చినవే. పైది మొదలు కింది వరకు తిప్పి చూపించాడు. ఒక్క స్వరం లేదు.

"ఈ పూజ సంగీతం ఆరేళ్ళనాటిది, పాత ప్రభువు జబ్బు పడ్డప్పుడు రాసి వినిపించకుండా ఉంచేశాను," అన్నాడు మెల్లగా, అత్త వైపు తిరిగి. "పంటకోతల నుంచి కొత్తది ఒక్క ముక్క రాలేదు క్రెసెన్స్. తప్పు రాస్తే దిద్దుతుంది పిల్ల. రాయనిదాన్ని ఏం దిద్దుతుంది?"

అత్త గడియారం వంక చూసింది. తొమ్మిదిన్నర దాటింది. కొక్కేనికున్న వెండి బొత్తాల ఆకుపచ్చ కోటు తీసి, పిండి అంటకుండా మునివేళ్ళతో పట్టుకుని, చేతులు దూర్చడానికి వీలుగా విప్పి నిలబడింది. కొలువులో ఉన్నవాడు ఆ కోటు లేకుండా కోట గుమ్మం తొక్కకూడదు. కొలువు వదులుకునేవాడు మాత్రమే సొంత బట్టల్లో వెళ్ళి నిలబడతాడు.

"ఇల్లు ఖాళీ చేయమంటారు," అంది. గొంతులో కోపం లేదు. "ఆ మాటైనా ఆలోచించుకో."

మామయ్య కోటు పక్కగా నడిచి, తలుపు వెనక ఉన్న తన పాత గోధుమరంగు అంగరఖా వేసుకున్నాడు. ఒక బొత్తం లేదు. నేను సూదీ దారం అందుకోబోయేసరికి టోపీ పెట్టుకుని, తలుపు తీసుకుని, కోట వైపు వెళ్ళిపోయాడు.