మూడు వట్టి ప్రయాణాలు

సువా యూనివర్సిటీ హాల్లో ఆ ఉదయం జరిగే వైవాతో ఉనైసీ పీహెచ్‌డీ తేలిపోవాలి. పీజీ విద్యార్థులు చదువు మధ్యలో ఎందుకు మానేస్తున్నారన్నది ఆమె పరిశోధన. నేను ఆమె గైడ్‌ని.

"చదువు మానేసినవాళ్ళు మీకు నిజమే చెప్పారని నమ్మకమేమిటి?" అన్నాడు పరీక్షకుడు హోల్‌బ్రూక్.

వెనక వరుసలోంచి, సముద్రశాస్త్రం మానేసిన ఇలియేసా లేచాడు.

"మా ఇంటికొచ్చిన మొదటి మూడుసార్లూ అబద్ధమే చెప్పాను సార్! నాలుగోసారి ఉనైసీ అక్క కాగితాలు పక్కనపెట్టి, మా అమ్మతో కూర్చుని కర్రపెండలం చెక్కు తీసింది. ఇంకేం దాస్తాను? మా ప్రొఫెసరంటే వణుకని చెప్పేశాను."

హాలంతా గొల్లుమంది.

"ఆ మూడుసార్ల సంగతి థీసిస్‌లో లేదే?" అన్నాడు హోల్‌బ్రూక్.

"ఉత్తచేతులతో తిరిగొచ్చాను కదా సార్, సిగ్గేసి రాయలేదు," అంది ఉనైసీ.

"మీ పరిశోధనకు బలం అదేనమ్మా. చేర్చండి, డాక్టర్ ఉనైసీ."

గైడ్‌నన్న సంగతి మరిచి, అందరికంటే ముందు చప్పట్లు కొట్టాను.