వెనక నుంచి తెలిసిన ఇల్లు

రూతు కాలువలోంచి ఎత్తిన నల్లటి మడ్డిని తట్టలో పోసి, పార గోడకు ఆనించి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. జ్వరం నుంచి లేచి పనిలోకి వచ్చిన మొదటి రోజు. మోకాళ్ళలో ఇసుక పోసినట్టుంది. సందుకు రెండు పక్కలా ఇళ్ళ వెనక గోడలు. చేతులు చాపితే రెండు గోడలకూ వేళ్ళు తగులుతాయి. పైన చీర అంచంత ఆకాశం, దాని కొసన కొండ ముక్క ఒకటి.

తిరుపతి పాత ఊళ్ళో, తేరు వీధి ఇళ్ళ వీపులకూ బజారు వీధి ఇళ్ళ వీపులకూ మధ్య పోయే సందు ఇది. దీన్ని గాలి కోసమో వెలుతురు కోసమో వదల్లేదు. పాయిఖానా డబ్బాలు ఎత్తే మనుషులు వీధిలో కనబడకుండా వచ్చి, కనబడకుండా పోవడానికి వదిలారు. అందుకే ప్రతి వెనక గోడలోనూ మోకాటి ఎత్తులో ఒక కంత. ఆ కంతలో చెయ్యి పెట్టి డబ్బా లాగాలి. రూతు అత్త సంతోషమ్మ లాగింది. ఆమె తల్లీ లాగింది. రూతు కాపురానికి వచ్చేసరికి డబ్బాలు పోయాయి, కంతల్ని ఇటికలతో పూడ్చేశారు. రూతు వంతుకు కాలువా, చెత్తా మిగిలాయి. ఊరు దీన్ని పాకీ సందు అంటుంది. అది తిట్టో పేరో ఊరికే తెలియాలి. మునిసిపాలిటీ కాగితాల్లో ఆ పేరు కూడా లేదు.

తేరు వీధి వైపు గోడలో పూడ్చకుండా మిగిలిన కంత ఒక్కటుంది. లోపలి నుంచి దానికి చెక్క మూత. రూతు పొరక కట్టెతో ఆ మూత మీద మెల్లగా తట్టింది.

"అమ్మా, నేను రూతును."

లోపలెక్కడో కుళాయి కింద బిందె నిండుతున్న చప్పుడు.

"జరమొచ్చి పండుకోనుంటి అమ్మా. ఈ పొద్దే లేసి వచ్చినా. కోపమా యేంది?"

కోపమైతే ఈపాటికి తిట్టు వచ్చేది. ఏమీ రాలేదు.

ఆ మూత వెనక ఒక గొంతు ఉండేది, ఒక చెయ్యి ఉండేది. రూతుకు తెలిసింది ఆ రెండే. కొత్తలో ఆ చెయ్యి చెంబును కంతలోంచి వంచి, వేళ్ళు తగలకుండా రూతు దోసిట్లోకి నీళ్ళు పోసేది. కొన్నేళ్ళకు చెంబే చేతికిచ్చింది. ఇంకొన్నేళ్ళకు లోటాలో కాఫీ. ఇందులో మెచ్చుకోవాల్సిందేమీ లేదు. ఒక మనిషి ఇంకో మనిషికి ఒక లోటా అందించడానికి అన్నేళ్ళు పట్టిందంటే ఊరు ఊరంతా సిగ్గుపడాలి. అయినా రూతు ఆ కాఫీ కోసం, ఆ గొంతు కోసం, సందు మొదటి నుంచి రెండు చేతులతో ఊడ్చుకుంటూ వచ్చేది. ఆ చెయ్యి పూలు కట్టే చెయ్యి. చూపుడు వేలి పక్కన అరటి నార కోసిన గీత, గోళ్ళ సందుల్లో కనకాంబరం రంగు. మాటకు ముందు మల్లెల వాసన వచ్చేది. ఆ వెనకే రోజూ ఏదో ఒక ఎగతాళి.

"ఏం రూతూ, పొరక సప్పుడు నీరసంగా ఉండాది? సంగటి తినలేదా?"

"నేను తిన్నానమ్మా. పొరకే తినలేదు."

లోపల నవ్వు. నవ్వు తర్వాత దగ్గు.

కంత పక్కన గోడకు ఆనుకుని కూర్చునే రూతు, మెడ వంచితే లోపలికి చూడొచ్చు. ఎప్పుడూ వంచలేదు. సందులో పని చేసేవాళ్ళు ఇళ్ళలోకి చూడకూడదని సంతోషమ్మ మొదటి రోజే చెప్పింది. ఆ మాట చెవిలోంచి దిగి మెడలో ఇంకిపోయింది, మెడ వంగేది కాదు. మూత వెనకున్నామె రూతు పేరు అడిగింది, రూతు ఆమె పేరు అడగలేదు. అమ్మా అంటే పలికేది, ఇంకేం కావాలి అనుకుంది.

పోయిన ఎండాకాలం ఒకరోజు ఆ గొంతు ఉన్నట్టుండి అన్నది. "ఒగసారి పార్కుకు పోదాం రూతూ. నేను ఆ చెట్లు సూసి ఎన్నేండ్లయిందో. ఇద్దరం ఒగే బెంచీ మింద కూసుందాం."

"నన్ను కూసోనిస్తారా అమ్మా?"

"పార్కు ఎవురబ్బ సొత్తు? దానికి ముందు గుమ్మం లేదు, ఎనక గుమ్మం లేదు. రా, కూసో."

ఆ మాట రూతు ఎవరికీ చెప్పలేదు, కోడలు గ్రేసీకి కూడా. చెబితే నవ్వుతుందని భయం. చర్చిలో ప్రార్థన మధ్య కళ్ళు మూసుకున్నప్పుడు, దేవుడికి బదులు ఒక సిమెంటు బెంచీ కనబడిన రోజులున్నాయి.

సందు మొదట్లోంచి కేక వినబడింది. మేస్త్రీ గుణశేఖర్. ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో ఫోను చాపి నిలబడ్డాడు. ఇప్పుడు హాజరు అంటే ఫోనుకు ముఖం చూపించాలి.

"రామ్మే, మొగం సూపించు."

రూతు వచ్చి చూపించింది. ఫోను గిరగిరా తిరిగి, ఈ మనిషెవరో తెలియదంది.

"జరంలో మొగం యాడ పారేసుకున్యావు? తలకాయెత్తు. రవ్వంత నవ్వు."

"నవ్వితే జీతం పెంచుతాదా అన్నా?"

"పెంచదు. గుర్తు పడతాది."

మూడోసారికి గుర్తుపట్టింది. గుణశేఖర్ ఫోను జేబులో వేసుకుని, పోతూ పోతూ చెప్పినట్టు చెప్పాడు. "ఈ పొద్దుతో ఈ సందుకు నమస్కారం పెట్టేయ్. రేపు కాలువ మింద బండలేసి, రెండు పక్కలా ఇనప గేట్లు పెట్టి మూసేస్తారు. నీకు పార్కు రాసినా. నీడపట్టున ఆకులూడ్చే పని. అదృష్టం మే నీది."

"యా పార్కు అన్నా?"

"ఊళ్ళో పెద్ద పార్కే. ఏం, నీకు బృందావనం కావాల్నా?"

రూతు గుండెలో ఏదో గబుక్కున లేచి నిలబడింది. పార్కు! రేపటి నుంచి ఆ బెంచీల మధ్య తిరిగేది తనే. ఎవరు కూర్చోవద్దంటారో చూద్దాం. ఆమెను ఆటోలో ఎక్కించుకుని రావచ్చు, మెల్లగా చెయ్యి పట్టి నడిపించవచ్చు. చెయ్యి పట్టి! ఈ మాట ఈ రోజే చెప్పాలి. రేపు గేటు పడితే ఇక ఈ కంత లేదు, ఈ దారి లేదు. వెనక్కి పరుగెత్తి మళ్ళీ మూత తట్టింది. పిలిచింది. మూత తెరుచుకోలేదు.

సరే, ముందు నుంచి పోతాననుకుంది. అట్లా అనుకోవడానికి ఆమెకు ఇరవై ఏళ్ళకు పైనే పట్టింది. ఎవరూ రావద్దనలేదు. ఎవరూ రమ్మనీ అనలేదు.

పని ముగించి, కుళాయి దగ్గర కాళ్ళు మోకాళ్ళ దాకా కడుక్కుని, పచ్చ కోటు విప్పి మడిచి చంకలో పెట్టుకుని తేరు వీధిలోకి వచ్చింది. అక్కడ నడివీధిలో నిలబడిపోయింది. ఏ ఇల్లు?

వెనక నుంచి అడిగితే కళ్ళు మూసుకుని చెబుతుంది. గోడలో మొలిచిన రావి మొక్క, తుప్పు పట్టిన గొట్టం, పక్కనే కంత. ముందు నుంచి చూస్తే రావీ లేదు, గొట్టమూ లేదు. రాగి చెంబుల కొట్టు, పటాల కొట్టు, లాడ్జి, చెరకు రసం బండి. ఒకదాన్నొకటి ఆనుకుని రైలు పెట్టెల్లా పొడుగ్గా లోపలికి పోయే ఇళ్ళు. ఇన్నేళ్ళూ వీపు తోమిన ఇంటిని ముఖం చూసి గుర్తుపట్టలేకపోయింది.

లాడ్జి పక్కన ఒక నడవ కనబడితే అందులో అడుగు పెట్టింది. రాతి స్తంభాల మధ్య బల్ల వేసుకుని కూర్చున్న గుమాస్తా తల ఎత్తాడు.

"ఏమ్మే, సెత్త పొద్దున్నే ఎత్తుకపోయినారు గదా?"

"సెత్తకు రాలేదప్పా. పూలు కట్టే పెద్దమ్మ ఒకామె ఉండాది, ఆయమ్మ కోసరం."

"పేరేంది?"

"తెలవదు."

"ఎట్లుంటాది మనిషి?"

"మొగం సూల్లేదప్పా. సెయ్యి సూస్తే కనుక్కుంటా."

గుమాస్తా పగలబడి నవ్వాడు. "సెయ్యి సూసి సెప్పడానికి నువ్వేమన్నా సోదెమ్మవా? ఈ వీధిలో పూలు కట్టనోళ్ళెవురు? మా నాయన గూడా కడతాడు. పిల్సమంటావా, ఆయన సెయ్యి సూస్తావా?"

రూతు కూడా నవ్వింది, నవ్వి బయటపడింది. తర్వాతిది పాత సత్రం. నడవ దాటితే నాలుగు పక్కలా వసారాలు, మధ్యన కప్పు లేని పెద్ద తొట్టి ముంగిలి. గుండు కొట్టించుకుని గంధం పూసుకున్న యాత్రికులు తడి గుడ్డలు ఆరేసుకుంటున్నారు. ఒక పిల్ల గచ్చు మీద పొర్లుతోంది. నడినెత్తిన ఎండ తొట్టి నిండా దిగి పరుచుకుంది. రూతు స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. ఆ వెనక గోడలకు ఇవతల ఇంత ఎండ ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. పొద్దెక్కినా నీడ వదలని సందులో తాను మడ్డి ఎత్తుతున్నంతసేపూ, గోడకు ఇవతల ఇది ఇట్లా వెలుగుతూనే ఉంది. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

అక్కడున్న ఆడవాళ్ళ చేతులన్నీ చూసింది. ఒకామె అనుమానంగా తన గాజులు కొంగు కిందికి లాక్కుంది.

ఆ తర్వాత ఇంకో నడవ, ఇంకో తొట్టి, తెలియదు అనే ఇంకో తల. తిన్నె మీద కాసేపు కూర్చుందామా అనిపించింది. కూర్చోలేదు. తలలకు ఒకే రంగు టోపీలు పెట్టుకున్న గుంపొకటి ఎదురు నుంచి వచ్చి, చెక్కడాల తలుపున్న ఇంట్లోకి మలుపు తిరిగింది. ముందు మునిప్రసాద్ అని మెడలో అట్ట తగిలించుకున్న కుర్రాడు చిన్న మైకులో చెప్పుకుపోతున్నాడు. పాత ఊరిని నడిచి చూసే బృందమట. రూతు వాళ్ళ తోకలో కలిసి లోపలికి నడిచింది.

నడవ పొడుగ్గా, చల్లగా ఉంది. దాని చివర తొట్టి, తొట్టి చుట్టూ నాలుగైదు కాపురాలు అద్దెకున్న వఠారం. మునిప్రసాద్ స్తంభాలు చూపించాడు, దూలాలు చూపించాడు, వాన నీళ్ళు జారే తూము చూపించాడు. తర్వాత ఫోటో అన్నాడు.

"అమ్మా, నువ్వు పచ్చ గుడ్డతో మధ్యలో పడుతుండావు. రవ్వంత పక్కకు జరుగు."

రూతు జరిగింది. గుంపులో ఒకామె అడిగింది, "వెనక ఇంకేముందండీ?"

"వెనకేమీ లేదు మేడం. దొడ్డి, అంతే."

గుంపు ఎట్లా వచ్చిందో అట్లా పోయింది. తొట్టిలో గిన్నెలు తోముతున్న ఒక ఆడమనిషి, రూతు మిగిలిపోవడం చూసి తల ఎత్తింది.

"నువ్వు వాళ్ళ జతలో పోలేదా?"

"లేదమ్మా. నేను వేరే పని మింద వచ్చినా. ఈడ పూలు కట్టే పెద్దమ్మ..."

గిన్నె మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. రూతు ముఖంలోకి చూసి, కళ్ళు మూసి, తెరిచింది.

"ఇంగోసారి మాట్లాడు."

"ఏం మాట్లాడల్ల?"

"నువ్వు రూతువి గదా. గొంతు కనుక్కున్యా. పొద్దునైతే గోడవతల నుంచి ఈ గొంతే ఇనపడేది." ఆమె చేతులు కడుక్కుని లేచింది. "నా పేరు మోహన. ఆయమ్మ పక్క పోర్షనే మాది. కూసో."

"కూసోను. ఆయమ్మకు ఒక మాట సెప్పి పోతా. రేప్పొద్దుట్నుంచి నాకు పార్కులో పని. అది సెప్పల్ల."

మోహన కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడిచింది.

"జ్ఞానాంబత్త పోయింది రూతూ. పోయిన శుక్కురారం. మద్యాన్నం రెండు మూరలు కట్టి, నడుం వాల్చింది. కాఫీకి లేపుదామని పోతే లేయలేదు."

తొట్టిలో ఎండ అట్లాగే ఉంది. కడిగిన గిన్నెల మీద మెరుస్తోంది. రూతు అడిగింది. "ఏం పేరన్యావు?"

"జ్ఞానాంబ. ఇన్నేండ్లు మాట్లాడినావు, పేరు తెలీదా?"

"అమ్మా అంటే పలికేది."

రూతు ఆ పేరును ఒకసారి పెదవులతో అని చూసుకుంది. ఏడవలేదు. ఆ ఇంట్లో ఏడిచే హక్కు తనకుందో లేదో తేల్చుకోలేకపోయింది. ఏడుపుకు కూడా ముందు గుమ్మమో వెనక గుమ్మమో ఉంటుంది కాబోలు.

"ఆయమ్మ యాడ కూసోని మాట్లాడేది? సూడొచ్చునా?"

"ఆడేముండాది సూసేదానికి? సామానంతా తమ్ముని కొడుకొచ్చి ఎత్తుకపోయినాడు." అంటూనే మోహన ముందు నడిచింది. ఖాళీ గది, దాని వెనక ఇరుకు వసారా, ఆ వెనక ఒకప్పటి పాయిఖానా కొట్టు. పై కప్పు పెంకు సందులోంచి ఒక్క వెలుగు గీత పడుతోంది. గోడకు చెక్క మూత. ఈ పక్క నుంచి అది మనిషి మోకాటికి కూడా రాదు.

మూత ముందర చెక్క కుర్చీ ఒకటుంది.

"ఇదొగటే వదిలేసి పోయినాడు. ఇట్లాంటిది ఎవురికి పనికొస్తాది?" మోహన గొంతు తగ్గించింది. "ఆయమ్మకు మోకాళ్ళు వంగవు. కింద కూసుంటే లేయలేదు. మొగుని కుర్చీ ఇది, వడ్రంగిని పిల్సి కాళ్ళు కోయించింది. కంత దగ్గరికి నోరు రావల్లంట. మంచి కుర్చీ పాడు సేస్తివే అని మేమంతా ఎగతాళి సేసినాం. నీ పొరక సప్పుడు సందు మొగదల్లో ఇనపడితే సాలు, పూలు యాడివి ఆడ వదిలేసి వచ్చి కూసునేది. నువ్వు రాని దినాల్లో గూడా వచ్చింది. వేరేవాళ్ళ సప్పుడని తెలిసినా లేసేది కాదు."

అవతల సందులో బండలు దించుతున్న ట్రాక్టరు చప్పుడు. మోహనను ఎవరో పిలిచారు. ఆమె వెళ్ళిపోయింది.

రూతు వంగింది. మెడ వంగింది, నడుం వంగింది, మోకాళ్ళు నొప్పితో వంగాయి. కుర్చీ చేతుల మీద పాలిష్ పోయి, చెయ్యి ఆనిన చోట మాత్రం నున్నగా ఉంది. కాళ్ళు కోసిన చోట రంపం గీతలు ఇంకా తెలుస్తున్నాయి. కూర్చునే చోట పేము అల్లిక మధ్యలో మనిషి బరువుకు గుంట పడింది, అందులో ఎండిపోయిన అరటి నార పోగు ఒకటి. తేరు వీధిలో ఆ రోజు రూతు చూసిన కుర్చీలూ బల్లలూ తిన్నెలూ అన్నీ తొట్టి వైపో వీధి వైపో చూస్తున్నాయి. ఈ పొట్టి కుర్చీ ఒక్కటే గోడ వైపు తిరిగి ఉంది.