తూర్పు గుమ్మం

మనవరాలు తప్పిపోయిన రోజున వాళ్ళు చూస్తున్నది మూడో చోటు. పొద్దున చట్టసభ భవనం, తర్వాత యుద్ధవీరుల స్తూపం అయ్యాయి. కోటలోకి వచ్చి అరగంటైనా కాలేదు. తాత చెయ్యి పట్టుకుని నడుస్తున్న ఆరేళ్ళ పిల్ల, ఆయన కోట తలుపు పాత గడియ వంక చూసిన క్షణంలో, జనంలో కలిసిపోయింది.

"నాన్నా, నువ్వీ తూర్పు గుమ్మం దగ్గరే ఉండు. పాప ఇటొస్తే పట్టుకో. మేమొచ్చి చెప్పేదాకా కదలకు," అంది కూతురు. ఆయన దగ్గర ఫోను లేదు.

కదలకు. ఆ మాట ఆయనకు కొత్త కాదు. నూలు మిల్లు గేటు దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్ళు కాపలా కాశాడు. తర్వాతి వంతు మనిషి వచ్చి "ఇక నువ్వెళ్ళు" అననిదే గేటు వదిలి ఎరగడు. ఒకసారి వరదొచ్చి ఆ మనిషి రెండు రోజులు రాకపోతే, మోకాలి లోతు నీళ్ళలో అక్కడే ఉండిపోయాడు. "మీ నాన్న పెళ్ళికి కూడా డ్యూటీ అప్పజెప్పే వచ్చాడే," అని భార్య బతికున్నన్నాళ్ళూ ఎగతాళి చేసేది.

ఉద్యోగం అయిపోయాక కూతురు పట్టుబట్టి తీసుకొచ్చిన మొదటి ప్రయాణం ఇది. అందరూ స్తంభాలూ శిల్పాలూ చూస్తుంటే ఆయన తలుపులు చూశాడు. చట్టసభ దగ్గర కాపలావాణ్ణి "ఎన్ని గంటల డ్యూటీ బాబూ?" అని అడిగి, "మామయ్యా, మనం చూడ్డానికొచ్చాం, చేరడానికి కాదు," అని అల్లుడి చేత అనిపించుకున్నాడు.

ఇప్పుడు ఎండలో నిలబడ్డాడు. నీడ అవతలి పక్కనుంది. అక్కణ్ణుంచి లోపలి మెట్లు కనిపించవు. బయటికొచ్చే ప్రతి పిల్ల ముఖమూ చూశాడు. పసుపు గౌను కనబడితే ప్రాణం లేచొచ్చేది. దగ్గరికొచ్చేసరికి ఇంకెవరి పిల్లో. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన గేటు దాటి ఒక్క దారపు కండె పోలేదు. ఇవాళ చేతిలో పిల్ల పోయింది.

"తాతా, నీడలోకి రా," అంది గుమ్మం పక్కన టోపీలమ్మే ఆమె. "కొళాయి అదిగో. రెండు గుక్కలు తాగిరా. నీ పిల్లని నేను చూస్తాలే."

"నీకు దాని ముఖం తెలీదమ్మా."

"ఎలా ఉంటుందో చెప్పు."

  "మా ఆవిడలా ఉంటుంది," అన్నాడు.

"భలే గుర్తు చెప్పావు! మీ ఆవిణ్ణి నేనెప్పుడు చూశాను?"

ఆమె ముక్కాలిపీట తెచ్చి వేసింది. "డ్యూటీలో కూర్చోకూడదమ్మా," అన్నాడాయన. కాసేపటికి మోకాళ్ళే ఆ మాట వినడం మానేశాయి. పీట మీద కూలబడి, తలుపుకు వీపు ఆనించాడు. చూపు మాత్రం మెట్ల మీంచి తియ్యలేదు.

పడమటి గుమ్మం బయట, వాళ్ళొచ్చిన టూరు బస్సు దగ్గర, పాప దొరికి అప్పటికి గంటయింది. తల్లి దాన్ని కొట్టి, ముద్దుపెట్టుకుని, మళ్ళీ కొట్టి, తనే ఏడ్చింది. బస్సులో తలలు లెక్కపెడుతున్నప్పుడు ఉలిక్కిపడింది.

"నాన్నకి చెప్పారా?"

"నువ్వు చెప్పొచ్చావనుకున్నాను," అన్నాడు అల్లుడు.

ముగ్గురూ కోట చుట్టూ పరుగెత్తుకొచ్చారు. టోపీలామె ఒక టోపీని ఆయన ముఖానికి ఎండ తగలకుండా అడ్డం పట్టుకుని ఉంది. "ఇందాకటి నుంచి పిలుస్తున్నా. పలకడం లేదమ్మా," అంది.

ఆయన కళ్ళు మెట్లవైపే తెరుచుకుని ఉన్నాయి. కూతురు భుజాలు పట్టి కుదిపింది. "నాన్నా" తప్ప ఇంకో మాట ఆమె నోట రాలేదు. తాత తిడతాడేమోనని పాప తండ్రి వెనకే దాక్కుంది.

దొరికిందని ఆయనకు ఇంకా ఎవరూ చెప్పలేదు.